పడమటికి ముఖం పెట్టిన రేడియో

నేను 2001లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం ఎం.ఎస్సీ.లో చేరాను. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నూటికి 85 సీట్లు స్థానికులకు పోగా మిగిలిన ఓపెన్ కోటాలో సీటు దొరికిన కోస్తా విద్యార్థులం ఏ విభాగంలో చూసినా కొద్దిమందిమే ఉండేవాళ్ళం. నల్లగొండ, వరంగల్లు మిత్రులు శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం ఇంట్లో భోంచేసి, సోమవారం తరగతి వేళకు వచ్చేసేవారు. కోనసీమ వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి మా ఏడాదంతా దసరా, సంక్రాంతి, వేసవి అనే మూడు సెలవుల చుట్టూ తిరిగేది. ఆ సెలవులకు నేను ఇంటికి మోసుకువెళ్ళిన రేడియో సామాను, టేపు రికార్డరు, సెల్‌ఫోను గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. హైదరాబాదులో చదువుకున్న పాఠం దేనికి పనికివస్తుందో నాకు మా ఊళ్ళోనే తెలిసింది గనుక ఆ వస్తువులంటే నాకు ఇప్పటికీ ప్రీతి.

ఈ ఆసక్తి నగరానికి వెళ్ళాక పుట్టింది కాదు. తాతయ్యకు తోలు తొడుగున్న ఒక ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ ఉండేది. దాన్ని ఆయన వీధి అరుగు వైపు కిటికీలో ఎప్పుడూ ఒకే తీరున, ముఖం పడమటికి ఉండేలా పెట్టేవారు. దుమ్ము తుడిచేటప్పుడు ఎవరైనా కాస్త పక్కకు తిప్పి పెడితే వెంటనే పట్టేసి సరిచేసేవారు. "విజయవాడ అటు కదరా, అటు చూస్తేనే సరిగ్గా పలుకుతుంది" అనేవారు. మామ్మ ఆ కిటికీ కిందే కూర్చుని లేసు అల్లుతూ వినేది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడకూ లేసు అల్లికే చేతి ఖర్చుకు ఆధారం. స్టేషను గరగరమన్నా సూదిని ఆపేది కాదు.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను నాటికి నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ముమ్మిడివరం, ఐ. పోలవరం వైపు జరిగినంత ఘోరం మా వైపు జరగలేదు గానీ, కొబ్బరితోటలు కూలిపోయాయి, కరెంటు స్తంభాలు దారి పొడుగునా పడిపోయాయి. పత్రిక రాలేదు, టెలిఫోను పలకలేదు. లంకల్లో ఉన్న చుట్టాల కబురు ఏ విధంగానూ తెలియని ఆ రోజుల్లో వీధి వీధంతా మా అరుగు మీదికి చేరి ప్రాంతీయ వార్తలు వినేది. కొట్లు తెరవలేదు కాబట్టి కొత్త బ్యాటరీలు దొరికేవి కావు. మామ్మ పొద్దున్నే రేడియోలోంచి బ్యాటరీలు తీసి, తడిబట్టతో తుడిచి, ఆ కాస్త ఎండలో పెరటి గోడ మీద వరసగా పేర్చేది. సాయంత్రం వేస్తే వార్తలు అయ్యేదాకా పలికి, మళ్ళీ నీరసించిపోయేవి. చనిపోయిన వాళ్ళ లెక్క చెప్పేటప్పుడు గొంతు సన్నగిల్లిపోతుంటే, తాతయ్య రేడియోను చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక్కో వాక్యాన్నీ తిరిగి అందరికీ గట్టిగా చెప్పేవారు. అన్ని వైపులా నీళ్ళే ఉన్న ఊరికి అరచేతి మందాన ఉన్న ఆ పెట్టె ఎంత పెద్ద దిక్కో ఆ వారంలో చూశాను. ఫిజిక్సు చదవాలని నేను అనుకోవడానికి వేరే కారణం ఏదీ లేదు.

ఉస్మానియాలో విద్యుదయస్కాంత సిద్ధాంతం చెప్పేటప్పుడు మీడియం వేవ్ రేడియోలో ఉండే ఫెర్రైట్ కడ్డీ ప్రస్తావన వచ్చింది. ఆ కడ్డీ మీద చుట్టిన తీగచుట్టే లోపలి ఏరియల్. తరంగం వచ్చే దిక్కుకు కడ్డీ అడ్డంగా ఉంటే సంకేతం బలంగా అందుతుంది, కొస అటు తిరిగితే దాదాపు మాయమైపోతుంది. రేడియో పొడవునా పడుకుని ఉండే ఆ కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉండాలంటే, పడమట ఉన్న విజయవాడకు రేడియో ముఖం చూపించవలసిందే. తాతయ్య ఏ పుస్తకమూ చదవకుండా, ఏళ్ళ తరబడి విని విని కనిపెట్టిన విషయం అది. అలాగే పొడి బ్యాటరీ వాడుతున్నప్పుడు మధ్యలోని కర్బన కడ్డీ చుట్టూ హైడ్రోజన్ పేరుకుని విద్యుత్తును అడ్డుకుంటుందని, చుట్టూ ఉన్న మాంగనీస్ డయాక్సైడ్ దాన్ని మెల్లగా హరిస్తుందని, కాస్త విశ్రాంతీ వెచ్చదనమూ దొరికితే ఆ పని తొందరగా జరుగుతుందని తెలిసిన రోజున మామ్మకు ఉత్తరం రాశాను. ఆవిడ చదువుకోలేదు, నాన్న చదివి వినిపించారట. "ఇందుకా వాణ్ణి అంత దూరం పంపించింది, నన్నడిగితే చెప్పేదాన్నిగా" అని నవ్విందట.

ఇంటి నుంచి వచ్చే ఇన్‌లాండ్ కవరులో కుశల ప్రశ్నల కింద ఎప్పుడూ ఒక జాబితా ఉండేది. టేపు రికార్డరుకు హెడ్డు, క్యాప్‌స్టన్ బెల్టు, రేడియోకు విరిగిన ఏరియల్, బ్యాటరీల ఖర్చు తప్పించే ఎలిమినేటరు, మేనత్త వాళ్ళ టీవీకి రిమోటు, ఎవరో దూరపు బాబాయి గారి చేతిగడియారానికి సెల్లు. వీటన్నిటికీ నా గమ్యం కోఠీలోని గుజరాతీ గల్లీ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవలసినంత ఇరుకు సందుల్లో, గోడ పొడవునా చిన్న చిన్న సొరుగుల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు పోసి అమ్మే దుకాణాలవి. పాత బెల్టు చూపిస్తే కొట్టతను దాన్ని వేళ్ళ మధ్య ఒక్కసారి సాగదీసి చూసి, వెనక్కి తిరగకుండానే సరిగ్గా ఆ కొలత బెల్టును సొరుగులోంచి తీసేవాడు. ఆదివారమైతే అటు నుంచి ఆబిడ్స్ దాకా నడిచి, పేవ్‌మెంటు మీద పోసిన పాత పుస్తకాల్లో ఎలక్ట్రానిక్స్ పత్రికల వెనకటి సంచికలు ఏరుకునేవాణ్ణి. హాస్టలు మిత్రుల్లో డబ్బున్నవాళ్ళు సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి విడిభాగాలు కొని కంప్యూటరు కూర్పించుకునేవారు. నేను వెంట వెళ్ళి మదర్‌బోర్డులు, హార్డ్ డిస్కులు తనివితీరా చూసి, ధరలు నోటుపుస్తకంలో రాసుకుని వచ్చేవాణ్ణి. ఆ నోటుపుస్తకం చదవడం కూడా నాకు ఒక సంతోషమే.

ఇంట్లో ఫోను లేదు. నాలుగిళ్ళ అవతలి వాళ్ళది పి.పి. నంబరు. రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్.టి.డి. రేటు తగ్గినా, ఆ వేళ పక్కింటి వాళ్ళను నిద్రలేపి మా వాళ్ళను పిలవమనడం మర్యాద కాదు. తెల్లవారుజామున కూడా తక్కువ రేటే ఉండేది కాబట్టి చీకటితో లేచి తార్నాకలోని బూత్‌కు వెళ్ళేవాణ్ణి. ఒకసారి చేసి పిలిచిపెట్టమని చెప్పి, పెట్టేసి, మళ్ళీ చేసేసరికి అమ్మ చేరుకునేది. గాజు గదిలో ఎర్రటి అంకెలు మారుతుంటే వాటి మీదే చూపు పెట్టి, ముందుగా చీటీ మీద రాసుకున్న మాటలు ఒక్కొక్కటీ చెప్పేసేవాణ్ణి. అమ్మ మాత్రం ఆ అంకెలు కనబడవు గనుక నిదానంగా, కోడిపెట్ట ఎన్ని పిల్లల్ని చేసిందో కూడా చెప్పేది.

కోనసీమ లోపలికి రైలు లేదు. కాకినాడ నుంచి 2004లో మళ్ళీ మొదలైన రైలు మార్గం కూడా కోటిపల్లి దగ్గర గౌతమి ఒడ్డునే ఆగిపోయింది. అందువల్ల మాది నరసాపురం ఎక్స్‌ప్రెస్ ప్రయాణం. సంక్రాంతి ముందు సికింద్రాబాదు స్టేషనులో ఉండే జనం గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. బెర్తు దొరికితే కిటికీ పక్కది కావాలని కోరుకునేవాణ్ణి. నిద్ర కోసం కాదు, రేడియో కోసం. ఇనుప పెట్టె లోపల మీడియం వేవ్ పలకదు. సెట్టును కిటికీ ఊచలకు ఆనించి పట్టుకుంటే పలుకుతుంది. రాత్రిపూట వాతావరణం పై పొరల్లో పగలు తరంగాలను మింగేసే పొర కరిగిపోయి, ఇంకా పైనున్న పొరలు వాటిని తిరిగి నేలకు పంపిస్తాయి కాబట్టి, పగలంతా రెండు మూడు స్టేషన్లే పట్టే చిన్న సెట్టు అర్ధరాత్రి తమిళం, కన్నడం, హిందీ, నేను గుర్తుపట్టలేని ఇంకేవో భాషలు వరసగా వినిపించేది. రైలు మలుపు తిరిగినప్పుడల్లా స్టేషను సన్నబడిపోయేది, నేను సెట్టును అటుగా తిప్పుకునేవాణ్ణి. ఎదురు బెర్తు పెద్దాయన ఒకరు కాసేపు చూసి, "ఏం బాబూ, తూకం వేస్తున్నారా ఏంటండి?" అని అడిగి, సంగతి చెబితే తెల్లవార్లూ నాతో పాటు మేలుకున్నారు.

విజయవాడ దాటి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు మీదుగా రైలు తెల్లవారే వెలుగులో చేపల చెరువుల మధ్య నుంచి పోతుంటే విజయవాడ కేంద్రం గొంతు ఏ తిప్పులాటా లేకుండా నిండుగా వచ్చేది. నరసాపురంలో దిగి రిక్షా మీద మాధవాయిపాలెం రేవుకు వెళితే వశిష్ఠ అవతల సఖినేటిపల్లి. చించినాడ వంతెన వచ్చాక పాలకొల్లులోనే దిగి బస్సులో రాజోలు మీదుగా వచ్చే వీలు కలిగింది గానీ, నేను నది దాటించే పంటునే ఎంచుకునేవాణ్ణి. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, చేపల తట్టలు, బడిపిల్లలు, పండగ సామానుతో అల్లుళ్ళు, ఇంతమంది ఒకే పలక మీద నిలబడి నది దాటడం నాకు ఇంటికి చేరిన లెక్కే. దిగువన అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసేది మరెంతో దూరం కాదు కాబట్టి పోటు వేళ నీళ్ళు ఎగువకు నడిచేవి, పంటు కాస్త ఏటవాలుగా పోయి రేవు పట్టేది.

ఆ సముద్రపు గాలే మా ఇంటి వస్తువులకు శత్రువు. హైదరాబాదులో పదేళ్ళు పనిచేసే టేపు రికార్డరు మా ఊళ్ళో రెండు వానాకాలాలకు మూలుగుతుంది. స్విచ్చుల పలకలు పచ్చబడతాయి, స్క్రూలు తల తిరగకుండా బిగుసుకుపోతాయి, కేసెట్టు టేపు మీద తెల్లగా బూజు కడుతుంది. మలికిపురంలో రేడియోలు బాగుచేసే మేస్త్రి గారొకరు ఉండేవారు. సెలవుల్లో సగం మధ్యాహ్నాలు నేను ఆయన బల్ల పక్కనే గడిపేవాణ్ణి. పెట్టె విప్పగానే ఆయన ముందు వాసన చూసేవారు, తరువాతే మీటరు ముట్టుకునేవారు. "సర్క్యూటుకు జబ్బేమీ లేదండి బాబూ, గాలికి చిలుం పట్టేసిందంతే" అని, పాత పళ్ళ బ్రష్షును స్పిరిటులో ముంచి అతుకుల మీద ఎంతో నెమ్మదిగా రుద్దేవారు. రుద్దిన చోట సీసం మళ్ళీ మెరిసేది. నేను విశ్వవిద్యాలయం నుంచి తెచ్చిన డిజిటల్ మల్టీమీటరు ఆయనకు ఎంతో నచ్చింది. ఆయన చేతికిచ్చి వాడించినప్పుడు నా చదువుకు ఒక పెద్దమనిషి ఆమోదం దొరికినట్టు అనిపించింది. తేమను పట్టుకోవాలంటే సిలికా జెల్ పొట్లాలు వేయాలని నేనన్నాను. ఆయన తన స్పేరు సామానును బియ్యం పోసిన డబ్బాలో దాచుకుంటున్నట్టు మూత తీసి చూపించారు. రెండింటి సూత్రమూ ఒకటే.

2003లో ఎం.ఎస్సీ. పూర్తయి అక్కడే ఎం.ఫిల్.లో చేరాను. ఆ ఏడాది మే 1 నుంచి సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టనక్కరలేకపోవడంతో ఫోను మాబోటి వాళ్ళకూ అందుబాటులోకి వచ్చింది. స్కాలర్‌షిప్పు డబ్బు కూడబెట్టి నోకియా 1100 కొన్నాను. బొమ్మలు, రంగులు లేని ఆ ఫోనును నేను ఇప్పటికీ గొప్ప వస్తువుగానే తలుస్తాను. మీటలన్నీ ఒకే రబ్బరు పొరగా ఉండి దుమ్ము లోపలికి పోనిచ్చేది కాదు, పక్కలు చేతి చెమటకు జారేవి కావు, నెత్తిన టార్చి లైటు ఉండేది. ధూళి, చీకటి, ఉక్కపోత ఉన్న దేశాలను దృష్టిలో పెట్టుకుని ఎవరో శ్రద్ధగా ఆలోచించి చేసిన సామాను అని పట్టుకోగానే తెలిసేది. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఆశ్చర్యం లేదు.

2004 సంక్రాంతికి ఆ ఫోనుతో రైలెక్కాను. తెర మీద ఆ ప్రాంతపు టవరు పేరు కనబడే సదుపాయం అందులో ఉండేది. ఆ రాత్రి బయటికి చూడకుండానే ఏ ఊరు వచ్చిందో చెప్పగలిగాను. ఊరికీ ఊరికీ మధ్య పేరు మాయమై, టవరు కోసం వెతుక్కుంటూ ఫోను ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంటే బ్యాటరీ గీత తగ్గిపోయేది. పంటు మీదికి వచ్చేసరికి మాత్రం అన్ని గీతలూ నిండుగా నిలబడ్డాయి. అడ్డం లేని నీటి మీద తరంగం బాగా నడుస్తుంది. అదే మా కొబ్బరితోటలోకి వెళ్ళగానే ఆకులు, మొవ్వులు దాన్ని మింగేస్తాయి. ఇంట్లో ఎక్కడా పలకని ఫోను మేడ మీద ఈశాన్యం మూలన, పిట్టగోడకు ఆనుకుని నిలబడితే పలికేది. మొదటి కాలు హైదరాబాదు మిత్రుడి నుంచి వచ్చింది. తాతయ్య చేతికిస్తే ఆయన చెవికి పెట్టుకుని, "ఆయ్, బాగున్నారా బాబూ? భోజనం అయ్యిందాండి?" అని అడిగి, నాకు తిరిగి ఇచ్చేస్తూ, "దీనికి ముఖం ఎటు పెట్టాలిరా?" అన్నారు. ఇది అన్ని దిక్కుల నుంచీ అందుకుంటుందని చెప్పాను. ఆయన నమ్మకుండా మేడంతా తిరిగి, గీతలు చూసుకుంటూ, చివరికి ఆ మూలకే వచ్చి ఆగారు. టవరు అటే ఉంది.

ఆ వేసవిలోనే ఆయన చేత మాట్లాడించి కేసెట్లలో రికార్డు చేశాను. నా సెలవు ప్రయాణాలు వింటూ ఆయన తనవి చెప్పడం మొదలుపెట్టారు. 1940లలో ఆయన రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి రావడం కాలువ పడవ మీద. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట నుంచి బయల్దేరే కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికి కూడా తవ్వినవి. పడవ లాకులోకి, అంటే నీటిమట్టం మార్చే తలుపుల గదిలోకి, వచ్చాక వెనక తలుపు మూసి, ముందు తలుపు చిల్లులు తెరిస్తే, నీరు మెల్లగా తగ్గి పడవ గోడ వెంట కిందికి దిగేదట. గోడ మీది నాచు కంటికి ఎదురుగా పైకి పోతున్నట్టు కనబడేదట. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారట. రాత్రి పడవలోనే వంట, పడవలోనే నిద్ర. పి. గన్నవరంలో దిగి, వైనతేయ మీద కమానుల వంతెనెక్కి కాలువే నది దాటుతున్న అక్విడక్టును చూస్తూ నడిచేవారట. చెబుతూ చెబుతూ ఆయన సరంగు కేకలు అనుకరించారు. లోపల నుంచి మామ్మ "అలా కాదు" అని దిద్దింది. ఆ రెండు గొంతులూ ఒకే టేపు మీద ఉన్నాయి.

హాస్టలులో ఒక మిత్రుడి కంప్యూటరుకు టేపు రికార్డరు తగిలించి వాటిని ఎంపీ3లుగా మార్చాను. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన 90 నిమిషాల కేసెట్టు 86 మెగాబైట్లలో సరిపోయింది; 700 మెగాబైట్ల సీడీ ఒక్కదానిలో ఎనిమిది కేసెట్లు పట్టాయి. అట్ట మీద పేరు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి, విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు తెప్పించాను. ఆ ఖతి (ఫాంటు) పేరు మా గోదావరి పాయ పేరే, గౌతమి అని చూసిన క్షణంలో గది అంతా వినబడేలా మిత్రులను పిలిచాను.

శాశ్వతంగా ఉంటాయని బంధువులందరికీ పంచిన ఆ సీడీల్లో ఇప్పుడు చాలావాటిని ఏ డ్రైవూ చదవడం లేదు. సీడీలో రాతను నిలిపే రంగు పొర మా తేమకు, వేడికి చెడిపోయింది. బియ్యం డబ్బాలో పెట్టిన అసలు కేసెట్లు మాత్రం పలుకుతున్నాయి. కాస్త గరగర ఉన్నా ఒక్క మాట పోలేదు. అందుకని మళ్ళీ మొదటి నుంచి, ఈసారి కుదించకుండా పూర్తి నాణ్యతతో, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తున్నాను. తాతయ్య లాకుల గురించి చెప్పిన కేసెట్టు రెండో వైపు మిగిలింది. డెక్కుకు బెల్టు సాగిపోయి గొంతు ఈడుస్తోంది కాబట్టి పండక్కి చించినాడ మీదుగా కారులో వస్తున్న తమ్ముడికి పాత బెల్టు కొలత పంపించాను. అది తెస్తే భోగి నాటి మధ్యాహ్నం ఆ పని మొదలుపెడతాం.